అమ్మమ్మకు పదివేల అడుగులా?

వాట్సాప్‌లో తిరుగుతున్న మాట ఇది: ఎనభై దాటినవాళ్లయినా రోజూ పదివేల అడుగులు నడిస్తే మెదడు 2 శాతం పెరుగుతుంది, మతిమరుపు పోతుంది, బరువుల జోలికి మాత్రం వెళ్లకూడదు. ఒంట్లో సత్తువ సన్నగిల్లి గోడ పట్టుకుని నడిచే పెద్దవాళ్ల విషయంలో ఇందులో ఒక్క ముక్కా నిలబడదు.

"మెదడు 2 శాతం పెరుగుతుంది." ఈ అంకె 2011 నాటి ఒక అమెరికా అధ్యయనంలోది. పెరిగింది మెదడు మొత్తం కాదు, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం. పాల్గొన్న 120 మందీ 55-80 ఏళ్లవాళ్లు, తమంతట తాము తిరగగలిగినవాళ్లు. వీళ్లలో సగం మంది వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున ఏడాది నడిచారు, మిగతా సగం మంది ఒళ్లు సాగదీసే వ్యాయామం చేశారు. జ్ఞాపకశక్తి పరీక్షలో మాత్రం నడిచినవాళ్లూ, ఒళ్లు సాగదీసినవాళ్లూ ఒకేలా మెరుగయ్యారు. ఫార్వర్డుల్లో ఈ సంగతి రాలిపోయింది.

"పదివేల అడుగులు." 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు అది. డాక్టర్లు తేల్చిన లెక్క కాదు.

"మతిమరుపు పోతుంది." 2018లో బ్రిటన్‌లో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న 494 మందితో చేసిన పరీక్షలో, వ్యాయామం చేసినవాళ్ల ఒంటి సత్తువ పెరిగింది గానీ ఏడాది తర్వాత మతి మెరుగుపడలేదు, వ్యాయామం చేయనివాళ్ల కంటే కాస్త ఎక్కువే తగ్గింది కూడా. డిమెన్షియా లేని, కాళ్లు బలహీనపడిన 1,635 మందితో (70-89 ఏళ్లు) అమెరికాలో రెండేళ్లు నడక, కాళ్ల బలం వ్యాయామాలు చేయించినా మొత్తమ్మీద మతిలో తేడా రాలేదు. అయితే ఎనభై దాటినవాళ్లలో, కాళ్లు మరీ బలహీనంగా ఉన్నవాళ్లలో పని ప్లాన్ చేసుకునే సామర్థ్యం కొంత మెరుగైంది. ఆశ ఉన్నది ఈ గుంపు మీదే.

"బరువులు వద్దు." అన్నిటికంటే చేటు చేసే సలహా ఇదే. స్పెయిన్‌లోని పాంప్లోనాలో సగటున 87 ఏళ్లున్న 370 మంది ఆసుపత్రి రోగుల్లో సగం మందికి రోజుకు రెండుసార్లు బరువులు, బ్యాలెన్స్, నడక కలిపి చేయించారు. ఇంటికెళ్లే నాటికి 30 మార్కుల మతి పరీక్షలో మామూలు వైద్యం అందినవాళ్ల కంటే వీళ్లు 1.8 మార్కులు ముందున్నారు.

ఇంట్లో అయితే కుర్చీతో మొదలుపెట్టాలి. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద వెనక్కి జారుతుంది కాబట్టి దాని వీపు గోడకు ఆనించండి. మడమలు మోకాళ్ల కంటే కాస్త వెనక్కి పెట్టి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి లేవాలి. చాలామంది నిటారుగా కూర్చునే లేవబోతారు, అందుకే లేవలేరు. కూర్చునేటప్పుడు నాలుగు లెక్కపెడుతూ మెల్లగా దిగాలి. దబ్బున కూలబడితే కండకు పని ఉండదు సరికదా, బోలు ఎముకలుంటే వెన్నుపూస విరగొచ్చు. అంకెలు పైకే లెక్కపెట్టమనండి, ఊపిరి బిగబట్టరు.

మొదట ఐదేసి చొప్పున రెండుసార్లు, రోజు విడిచి రోజు. లేవడం కష్టమైతే సీటు మీద దుప్పటి మడిచి వేసి ఎత్తు పెంచండి. చేతులు ఆనించకుండా పది సార్లు లేవగలిగితే కిలో బియ్యం ప్యాకెట్ గుండెకు హత్తుకుని లేవమనండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు లేవగానే కళ్లు తిరగొచ్చు, పక్కన ఒకరుండాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో చేయకూడదు. ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి.