నీలం రాలేదని ఆ నీళ్లు తాగేయకండి

గోదావరి జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది: "గ్లాసు నీళ్లలో నానో చుక్క వేయండి. నీలం వస్తే సీసం, పాదరసం ఉన్నట్టే. రాకపోతే నిశ్చింతగా తాగొచ్చు. నీలం వచ్చినా కాచి తాగితే చాలు. ల్యాబ్ అక్కర్లేదు."

దీని వెనకున్న సైన్సు నిజమే. ఐరన్ ఆక్సైడ్ నానో కణాలు (కంటికి కనిపించనంత సన్నటివి) పెరాక్సిడేజ్ ఎంజైములా పనిచేస్తాయని చైనా శాస్త్రవేత్తలు 2007లో చూపించారు. ఇలా ఎంజైములా పనిచేసే కణాలనే నానోజైములంటారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటే అవి టీఎంబీ అనే రంగులేని రసాయనాన్ని నీలంగా మారుస్తాయి. లోహం ఆ వేగాన్ని మారుస్తుంది, అంతే. సిట్రేట్ పూసిన బంగారు కణాల మీద పాదరసం చేరితే నీలం పెరుగుతుంది, ప్లాటినం కణాల మీద చేరితే తగ్గుతుంది. ఏ కణమో చెప్పకుండా నీలమంటే విషమని ఎలా అంటారు?

"నీలం వస్తే లోహమే." కాదు. కుళాయి నీళ్లలో మిగిలిన క్లోరిన్, ఏ కణాలూ లేకుండానే టీఎంబీని నీలం చేస్తుంది. బిందెకు తుప్పు మరక పట్టించే బోరు నీళ్లలోని ఇనుము పెరాక్సైడ్‌తో కలిసి అదే పని చేస్తుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు తగిలిన నీళ్లలో బంగారు కణాలు ఒకదానికొకటి అతుక్కుని, ఎర్రటి ద్రావణం దానంతటదే ఊదాకు తిరుగుతుంది. అందుకే పక్కన ఇంకో రెండు పరీక్ష గొట్టాలు పెట్టాలి: ఒకటి స్వేదనజలంతో, ఒకటి అవే నీళ్లతో కణాలు మాత్రం వేయకుండా. కణాలు లేనిదాంట్లో నీలం వచ్చిందా, ఆ నమూనా ఈ పరీక్షకు పనికిరాదు. క్లోరిన్ విరగ్గొట్టడానికి హేచరీల్లో వాడే హైపో (సోడియం థయోసల్ఫేట్) వేయకండి. అది పాదరసాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది, ఉన్న పాదరసం కూడా కనబడకుండా పోతుంది.

"రాకపోతే తాగొచ్చు." మెసేజ్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. ఈ రంగు బాగా వచ్చేది పీహెచ్ 4 దగ్గర. మామూలు నీళ్ల పీహెచ్ 7, 8 మధ్య ఉంటుంది, గ్లాసులో చుక్క వేస్తే రంగు రాకపోవడమే సహజం. అందుకని పీహెచ్‌ను 4 దగ్గర నిలిపి ఉంచే అసిటేట్ బఫర్ ద్రావణం 900 మైక్రోలీటర్లలో 100 మైక్రోలీటర్ల నీళ్లు కలుపుతారు. అంటే పది రెట్లు పలచన. తాగునీటిలో పాదరసానికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము, గొట్టంలో అది 0.1 అవుతుంది. ఆ తేడా కంటికి ఆనదు. పైగా ఎర్రనీరు దిగే రోజుల్లో సీసం చాలావరకు ఒండ్రుకు అంటుకుని ఉంటుంది, ఈ పరీక్షకు కరిగిన లోహమే తెలుస్తుంది. ల్యాబ్‌లో అయితే అవే నీళ్లకు తెలిసిన మోతాదు పాదరసం కలిపి చూస్తారు. అందులో 80 నుంచి 120 శాతం తిరిగి కనిపించకపోతే ఆ ఫలితాన్ని నమ్మరు. ఇది ఇంట్లో చేసే పని కాదు.

"కాచి తాగితే చాలు." మరిగిస్తే క్రిములు చస్తాయి, సీసం గిన్నెలోనే ఉంటుంది. రెండు లీటర్లు ఒకటిన్నరకు ఇగిరితే దాని గాఢత మూడో వంతు పెరుగుతుంది.

"ల్యాబ్ అక్కర్లేదు." నానోజైము పరీక్ష సరిగ్గా చేస్తే, వంద నమూనాల్లో ముందుగా వేటిని ల్యాబ్‌కు పంపాలో ఎంచుకోవడానికి పనికొస్తుంది. అది చిన్న మేలేం కాదు. తేల్చి చెప్పాల్సింది మాత్రం లోహాలను అతి తక్కువ మోతాదులోనూ కొలిచే ఐసీపీ-ఎంఎస్ లాంటి ల్యాబ్ యంత్రమే. సీసం, కాడ్మియం కోసం నైట్రిక్ ఆమ్లంతో కడిగిన ప్లాస్టిక్ సీసా, పాదరసానికి గాజు సీసా ల్యాబ్ నుంచే అడిగి తెచ్చుకోండి. సీసా మీద ఊరు, తేదీతో పాటు ఆ రోజు కాలువ పారుతోందా, కట్టేశారా అన్నదీ రాయండి.