‘ఒకసారి నింపితే చాలు’: డేటా సెంటర్ నీళ్ల లెక్కలో దాచిన సగం

డేటా సెంటర్ల మీద ఒక పోస్టు తెగ చక్కర్లు కొడుతోంది. సారాంశం ఇది: అవి నీళ్లు తాగేస్తాయన్నది అపోహ, కారు రేడియేటర్‌లో లాగా ఒకసారి నింపిన నీళ్లే తిరుగుతుంటాయి, కాస్త ఆవిరైనా వానై తిరిగొస్తుంది, వాడేది శుద్ధి చేసిన మురుగునీరే, పీయూఈ (కేంద్రం మొత్తం కరెంటుకూ సర్వర్ల కరెంటుకూ ఉన్న నిష్పత్తి) 1.2కి దిగింది కాబట్టి కరెంటు వృథా లేదు. ఆ కరెంటూ నూరు శాతం సౌరవిద్యుత్తే. ఇందులో ఏ ముక్కా పూర్తి అబద్ధం కాదు. అందుకే ఇంతమంది నమ్ముతున్నారు.

“నింపిన నీళ్లే తిరుగుతుంటాయి”

కూలింగ్ టవర్ ఉన్న కేంద్రంలో నీటి వలయాలు రెండు. సర్వర్ హాలులోని వేడిని చిల్లర్ (కంప్రెసర్‌తో నీటిని చల్లబరిచే యంత్రం) దాకా మోసేది మొదటిది. అది నిజంగానే మూసిన వలయం. అప్పుడప్పుడు కాసిని నీళ్లు కలిపితే సరి. పోస్టు రాసినవారికి కనబడింది ఇదొక్కటే. చిల్లర్ దగ్గర ఆ వేడిని అందుకుని టవర్ మీద గాలికి వదిలేది రెండోది. టవర్ చల్లబరిచేదే నీటిని ఆవిరి చేసి.

ఎంత ఆవిరవుతుందో కాగితం మీదే తేల్చుకోవచ్చు. సర్వర్లు వాడిన కరెంటు చివరికి వేడిగానే మారుతుంది; ఒక యూనిట్ విద్యుత్తు అంటే 3,600 కిలోజౌళ్లు. 30 డిగ్రీల దగ్గర కిలో నీరు ఆవిరవడానికి సుమారు 2,430 కిలోజౌళ్లు కావాలి. భాగిస్తే యూనిట్ వేడికి దాదాపు లీటరున్నర. ఒక మెగావాట్ సర్వర్లు రోజంతా నడిస్తే 24,000 యూనిట్లు, అంటే 36,000 లీటర్లు. చలికాలంలో కొంత వేడి నేరుగా గాలిలోకే పోతుంది కనుక తగ్గుతుంది. చిల్లర్ కంప్రెసర్ సొంత వేడి తోడైతే పెరుగుతుంది.

అక్కడితో అయిపోలేదు. నీరు ఆవిరైపోతుంది గానీ లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. చిక్కబడేకొద్దీ కండెన్సర్ (చిల్లర్ తన వేడిని టవర్ నీటికి అందించే భాగం) గొట్టాల్లో సున్నం, సిలికా గార కడతాయి; వేడి సరిగా దాటక కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకే చిక్కబడ్డ నీటిని కొంత వదిలేసి కొత్తనీరు పోస్తారు. దీన్నే బ్లోడౌన్ అంటారు. లవణాలు ఎన్నిరెట్లు చిక్కబడే వరకు ఆగుతారో ఆ సంఖ్యలోంచి ఒకటి తీసేసి, దాంతో ఆవిరైన నీటిని భాగిస్తే బ్లోడౌన్ తెలుస్తుంది. 4 రెట్ల దాకా ఆగగలిగితే 12,000 లీటర్లు, రోజుకు పోయాల్సింది మొత్తం 48,000. నీరు మరీ కఠినమైనదై 2 రెట్ల దగ్గరే ఆపాల్సి వస్తే వదిలేది 36,000, పోయాల్సింది 72,000. అదే టవర్, అవే సర్వర్లు. మారింది నీటి నాణ్యత ఒక్కటే.

అసలు ఆవిరి చేయని కేంద్రాలు లేవా? ఉన్నాయి. శీతలీకరణకు నీటిని ఆవిరి చేయని డిజైన్లను 2024 ఆగస్టు నుంచి చేపట్టామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఒక్కో కేంద్రానికి ఏడాదికి 12.5 కోట్ల లీటర్లకు పైగా మిగులుతుందని చెప్పింది. రేడియేటర్ పోలిక వీటికి సరిపోతుంది. కాకపోతే అలాంటి చోట వేడిని తీసుకోవాల్సింది పొడిగాలి. ఎండ 40 డిగ్రీలుంటే ఆ గాలీ 40 డిగ్రీలే. వెట్ బల్బ్ ఉష్ణోగ్రత (ఆవిరి చేసి నీటిని గరిష్ఠంగా ఎంతవరకు చల్లబరచవచ్చో చెప్పే హద్దు) 26 ఉన్న అదే రోజున టవర్ తన నీటిని 30 దాకా దింపగలదు. ఆ పది డిగ్రీల తేడాను కంప్రెసర్ కరెంటుతో పూడ్చాలి. నీళ్లు మిగిలిన చోట మీటరు తిరుగుతుంది.

“వానై తిరిగొస్తుంది”

వస్తుంది, ఎక్కడో, ఎప్పుడో. నీరు తోడిన బోరులోకో చెరువులోకో అదే వారం రాదు.

“పీయూఈ 1.2, ఇక వృథా ఎక్కడ?”

మొత్తం కేంద్రం వాడిన కరెంటును సర్వర్లు వాడినదానితో భాగిస్తే వచ్చేది పీయూఈ. ఇందులో నీటికి చోటు లేదు. నీళ్లు ఎక్కువ ఆవిరి చేసి కంప్రెసర్‌ను తక్కువ నడిపితే ఈ అంకె అందంగా తగ్గుతుంది. ఇంకో తమాషా: సర్వర్ లోపలి ఫ్యాన్ల కరెంటు సర్వర్ ఖాతాలోకే వెళ్తుంది. హాలు ఉష్ణోగ్రత పెంచితే చిల్లర్ భారం తగ్గుతుంది, ఫ్యాన్లు జోరందుకుంటాయి. మొత్తం వాడకం పెద్దగా తగ్గకపోయినా పీయూఈ మెరుగైనట్టు కనిపిస్తుంది. దీనితోపాటు డబ్ల్యూయూఈని, అంటే సర్వర్ యూనిట్‌కు లీటర్లను, అడగాలి.

అదీ చాలదు. కరెంటు పుట్టేచోట కూడా నీళ్లు పోతాయి. కూలింగ్ టవర్లున్న బొగ్గు కేంద్రంలో యూనిట్‌కు రెండు లీటర్ల పైనే. లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల 2024 నివేదిక ప్రకారం 2023లో అమెరికా డేటా సెంటర్లు ప్రాంగణాల్లో నేరుగా వినియోగించింది సుమారు 6,600 కోట్ల లీటర్లు. వాటికి కావాల్సిన కరెంటు తయారీలో పోయింది సుమారు 80,000 కోట్ల లీటర్లు.

అవతలి పక్షమూ తక్కువ తినలేదు. ‘ఏఐని ఒక్క ప్రశ్న అడిగితే ఒక బాటిల్ నీళ్లు’ అన్నది తప్పు. 2023లో పరిశోధకులు జీపీటీ-3 అనే ఏఐ మోడల్‌కు కట్టిన అంచనాలో అర లీటరుకు 10 నుంచి 50 జవాబులు. తన ఏఐ జెమినీకి మధ్యస్థ టెక్స్ట్ ప్రశ్నకు 0.26 మిల్లీలీటర్లని గూగుల్ 2025లో చెప్పింది, అయితే కరెంటు పుట్టిన చోట పోయిన నీళ్లు అందులో లేవు.

“మురుగునీరే కదా”

మంచి పద్ధతే. కానీ అందులోని ఫాస్ఫేట్ కాల్షియంతో కలిసి గార కడుతుంది, అమ్మోనియా రాగి గొట్టాలను తింటుంది, సేంద్రియ పదార్థం క్లోరిన్‌ను మింగేసి జిగురుపొర పెంచుతుంది. శుద్ధి చాలకపోతే తక్కువ రెట్ల దగ్గరే బ్లోడౌన్ చేయాలి. ఆర్‌ఓ పెడితే 75 శాతం నీరు చేతికొచ్చినా మిగతా పావువంతు ఉప్పునీరై మిగులుతుంది. పైగా ఆ మురుగునీరు ఇదివరకు ఏ కాలువలోనో పారుతూ ఉంటే, దిగువవారికి ఆ మేరకు కోత.

“నూరు శాతం సోలార్”

ఇది ఏడాది మొత్తానికి కట్టిన లెక్క. పగటి మిగులు గ్రిడ్‌కిచ్చి, రాత్రి గ్రిడ్ నుంచి తీసుకుని, డిసెంబరు 31న జమాఖర్చు సరిపెడతారు. 2017 నుంచి వార్షిక లెక్కలో నూరు శాతం పునరుత్పాదక విద్యుత్తు సాధిస్తున్న గూగుల్‌కే, గంటగంటకూ చూస్తే 2023లో కర్బనరహిత విద్యుత్తు వాటా 64 శాతం. రాత్రీపగలూ 100 మెగావాట్ల భారానికి, ఫలకాలు స్థాపిత సామర్థ్యంలో సగటున పావువంతు ఇస్తాయనుకుంటే, 400 మెగావాట్లు పరచాలి. ఎండలేని 14 గంటలకు బ్యాటరీలో 1,400 మెగావాట్ అవర్లు నిల్వ ఉండాలి. మబ్బుల వారం దీనికి అదనం.

వార్షిక సగటుతో ఇంకో ఇబ్బందీ ఉంది. టవర్ అత్యధికంగా నీళ్లు లాగేది మండువేసవి మధ్యాహ్నం, ఊరి నీళ్లకు కటకట ఉన్నప్పుడే. పైపులు, పంపులు, నిల్వ ట్యాంకులు ఆ ఒక్కరోజు గరిష్ఠానికి సరిపడా కట్టాలి. అనుమతి పత్రంలో ఏడాది సగటు మాత్రమే రాసి ఉంటే, గరిష్ఠ దినపు కిలోలీటర్లు ఎన్నో, ఆ రోజు మునిసిపాలిటీ కుళాయి కట్టేస్తే కేంద్రం ఎన్ని గంటలు నడుస్తుందో రాతపూర్వకంగా అడగండి.