విలువల కోసం నిలబడేవాళ్లు

దేశంలో విలువలు పడిపోతున్నాయని వాపోయే పెద్దలు ఒక్కసారి ఏదైనా పెద్ద బట్టల షోరూముకు వెళ్లి రావాలి. విలువల కోసం నిలబడేవాళ్లు అక్కడ అంతస్తుకు పాతికమంది కనిపిస్తారు. ఉదయం షట్టరు లేచినప్పటి నుంచి రాత్రి దించేదాకా నిలబడే ఉంటారు. ఇంత నిలకడ రాజకీయాల్లో ఎక్కడైనా చూశారా?

మొన్న శ్రావణమాసంలో మా మేనకోడలి పెళ్లిచీరల కోసం నలుగురు ఆడవాళ్ల వెనక నేనూ వెళ్లాను. మాకు మెత్తని సోఫాలు చూపించారు, కాఫీలు తెచ్చారు. ఎదురుగా కౌంటర్ వెనక ఇరవై ఏళ్ల అమ్మాయి. మడత విప్పడం, భుజాన వేసుకుని చూపించడం, మళ్లీ మడవడం. ‘ఇదే రంగులో అంచు కాస్త సన్నగా ఉన్నది తియ్యమ్మా’ అని మా వదినగారు అన్నప్పుడల్లా ‘ఉందక్కా, చూపిస్తాను’ అంటూ పై అరకేసి చెయ్యి చాచడం. నాకు వేరే పని లేదు గనక లెక్కపెట్టాను. అరవై మూడు చీరలు విప్పించి మూడు కొన్నారు. వాటిలో రెండు, ఆ పిల్ల మొట్టమొదట చూపించినవే.

ఈలోగా నా ఫోను జారి కిందపడింది. తీసుకుందామని వంగితే కౌంటర్ కింది సందులోంచి ఆ అమ్మాయి పాదాలు కనిపించాయి. కుడికాలు చెప్పులోంచి బయటికొచ్చి ఎడమ పాదం మీద ఎక్కి కూర్చుంది. మడమ దగ్గర వాపు, చెప్పు పట్టీ దిగబడిన గీత. వేళ్లు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. ఇంతలో ఫ్లోర్ మేనేజర్ బూట్ల చప్పుడు వినిపించింది. కుడికాలు చటుక్కున చెప్పులో దూరింది. పైన మొహంలో మాత్రం చిరునవ్వు చెక్కుచెదరలేదు.

భగీరథుడు ఒంటికాలి మీద తపస్సు చేసి గంగను దించాడని పురాణాలు ఘనంగా చెబుతాయి. ఆయన పని సులువు. గంగ దిగివచ్చాక ‘ఇదే రకం ఇంకాస్త లేతరంగులో ఉందా?’ అని అడిగినవాళ్లు లేరు.

కొందరు ఇదంతా అన్యాయమంటారు. వాళ్లకు భాష తెలియదు. కొలువు అంటే ఉద్యోగం. కొలువుదీరడం అంటే దర్జాగా కూర్చోవడం. దేవుడు కొలువుదీరుతాడు, రాజు కొలువుదీరుతాడు, గల్లాపెట్టె దగ్గర యజమానీ కొలువుదీరుతాడు. కొలువు చేసేవాళ్లు నిలబడతారు. వ్యాకరణం ఇంత స్పష్టంగా ఉంటే మధ్యలో స్టూలు ఎందుకు? పైగా కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయని సామెత ఉండనే ఉంది. నెల జీతమూ సేల్‌లో కాస్త కమీషనూ తప్ప కొండలేమీ లేని పిల్లలు కూర్చుంటే ఏం కరుగుతుందో ఆర్థికవేత్తలు తేల్చాలి.

మా తాతగారి కాలంలో బట్టల కొట్టంటే తెల్ల దుప్పటి పరిచిన పరుపు. షావుకారు, గుమాస్తా, కొనేవాళ్లు అంతా దానిమీదే బాసింపట్టు వేసుకుని బేరమాడేవారు. ఎవరు ఎవరికి ఊడిగం చేస్తున్నారో చూడగానే తెలిసేది కాదు. ఆ గందరగోళం నుంచి బయటపడటానికి మనకు ఇంతకాలం పట్టింది.

సాటి రాష్ట్రాలు రెండు మాత్రం ఈ ప్రగతికి తూట్లు పొడిచాయి. కేరళలో కోళిక్కోడ్ మిఠాయి తెరువు దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లను విజి అనే దర్జీ కూడగట్టింది. వాళ్ల సంఘం పేరు పెన్‌కూట్టు. మొదట మరుగుదొడ్డి అడిగారు. అక్కడితో ఆగారా? కుర్చీ కూడా అడిగారు. 2018లో కేరళ చట్టం సవరించి, దుకాణాల్లో కూర్చునే ఏర్పాటు చేసి తీరాలంది. 2021లో తమిళనాడూ అదే దారి పట్టింది. ఈ జాడ్యం అసలు బ్రిటన్‌ది. అక్కడ 1899లోనే ముగ్గురు ఆడ సిబ్బందికి ఒక కుర్చీ చొప్పున వేయాలని చట్టం చేశారు. పిల్లల కుర్చీలాటకు చట్టబద్ధత ఇచ్చిన ఘనత వాళ్లదే. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనూ, నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని రాసుకున్నారు. అయితే అది ఫ్యాక్టరీకి. యంత్రం దగ్గర కాళ్లు లాగుతాయి గానీ పట్టుచీర దగ్గర లాగవు కదా!

2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ వారానికి 90 గంటల పని మాట ఎత్తితే దేశమంతా గోల పెట్టింది. గోల పెట్టినవాళ్లలో చాలామంది కుర్చీలో కూర్చునే ఆ పోస్టులు పెట్టారు. నేనూ అంతే. ఆ గంటలు కూర్చునా, నిలబడా అన్న సందేహం మాలో ఎవరికీ రాలేదు.

బిల్లు కట్టేటప్పుడు ఉండబట్టలేక ఫ్లోర్ మేనేజర్‌ను అడిగాను: ‘కౌంటర్ వెనక ఒక స్టూలు వేయకూడదా?’

‘కస్టమర్ వచ్చేసరికి కూర్చుని కనిపిస్తే మర్యాదగా ఉండదు సార్’ అన్నాడు.

‘కస్టమర్ లేనప్పుడు?’

‘లేనప్పుడు కూర్చుంటే పని లేనట్టు కనిపిస్తుంది కదండీ. పైవాళ్లు కెమెరాలో చూస్తూనే ఉంటారు.’ చెబుతూ చెబుతూ ఆయన కూడా కుడికాలి నుంచి ఎడమకాలికి బరువు మార్చుకున్నాడు.

మెట్ల దగ్గర గోడమీద బంగారు అక్షరాలతో ‘మనమంతా ఒకే కుటుంబం’ అని రాసుంది. నిజమే. మా ఇంట్లోనూ పెళ్లి వంటకు నిలబడేవాళ్లు వేరు, పంక్తిలో కూర్చునేవాళ్లు వేరు.

బయటికొచ్చి కారు కోసం చూస్తూ అద్దాల కిటికీకేసి తిరిగాను. మా వాళ్లు కొన్నలాంటి పట్టుచీరే కట్టుకుని, మెడనిండా హారాలతో ఒక బొమ్మ ఉంది. దానికి కుర్చీ వేశారు. కాలుమీద కాలు వేసుకుని కూర్చుంది.