కొత్త కార్లకి రూల్స్ సరే, పాత కార్ల సంగతేంటి?

ప్రపంచమంతా బండ్లకి ఒకే రకం సేఫ్టీ, పొగ రూల్స్ ఉంటే కంపెనీలకి ఖర్చు తగ్గుతుందని నేను చదివిన ఓ ఆర్టికల్‌లో రాశారు, నిజమే గానీ అసలు లాభం బండిలో కూర్చునేవాళ్లకీ రోడ్డు మీద నడిచేవాళ్లకీ కదండీ, ఆ సంగతి ఒక్క లైన్‌లో తేల్చేశారు. చాలా కార్ల హెడ్‌లైట్ గ్లాస్ మీద ఓ మూల చిన్న గుండ్రంలో ‘ఈ’ అనే ఇంగ్లీష్ అక్షరం, పక్కనే ఓ నంబరు ఉంటాయి చూడండి, 1 ఉంటే జర్మనీ, 2 ఉంటే ఫ్రాన్స్ అప్రూవల్ ఇచ్చినట్టు. బండ్ల రూల్స్ మీద ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో దేశాలు చేసుకున్న 1958 ఒప్పందం వల్ల అలా ఒక దేశం పాస్ చేసిన పార్ట్‌ని ఆ రూల్ పాటించే మిగతా దేశాలు మళ్లీ టెస్ట్ అడక్కుండా ఒప్పుకుంటాయి. అమెరికా అందులో లేదు, అక్కడ కంపెనీయే సర్టిఫై చేసుకునే పద్ధతి, అందుకే ఒకరి అప్రూవల్ ఇంకొకరు ఒప్పుకోవాలన్న షరతు లేకుండా, రూల్స్ మాత్రం కలిసి రాసుకునేలా 1998లో ఇంకో ఒప్పందం వచ్చింది, అందులో అమెరికా, చైనా, ఇండియా కూడా ఉన్నాయి.

ఇదంతా కొత్త బండ్ల గురించే, నా బాధ పాతవాటి గురించి. 2015-2018 మధ్య యూరప్, జపాన్, అమెరికా నుంచి 1 కోటి 40 లక్షల సెకండ్ హ్యాండ్ బండ్లు బయటికెళ్లాయని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగమే 2020లో చెప్పింది, ఎక్కువ భాగం పేద, మధ్యాదాయ దేశాలకే. పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ అనే పార్ట్ పీకేసినవి కూడా వెళ్తున్నాయి, అక్కడి పిల్లలు ఆ పొగ పీల్చాలా? ఓడ ఎక్కించే ముందే బ్రేకులు, పొగ చెక్ చేసి పంపే బాధ్యత అమ్మే దేశం మీదే పెట్టాలి.