నీటితిత్తి గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ హైడాటిడ్ నీటితిత్తి గారికి,

ఉభయకుశలోపరి. ఒక బద్దెపురుగు పిల్లదశలో కట్టే నీటిసంచి అయిన తమరు మనుషుల కాలేయాల్లో, ఊపిరితిత్తుల్లో, గొర్రెల, గేదెల కడుపుల్లో సుఖంగా ఉన్నారని స్కానింగ్ రిపోర్టుల వల్ల తెలుస్తూనే ఉంది. ఏడాదికో సెంటీమీటరు పెరుగుతారు, మరీ తొందరపడితే ఐదు. ఏళ్లు గడిచినా నొప్పి లేదు, జ్వరం లేదు. ఎవరో గ్యాస్ ట్రబుల్ అనుకుని పొట్టకి అల్ట్రాసౌండ్ తీయించుకుంటే తప్ప తమరి సంగతి బయటపడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఏ రోజు చూసినా పది లక్షల మందికి పైగా తమరి వంశం తెచ్చే జబ్బులతో ఉంటారట. అయినా పేపర్లో ఒక్క హెడ్డింగు లేదు. కుక్క కరిస్తే వార్త. తమరు కరవరు కదా!

మొన్న ఆదివారం మా వీధి మటన్ కొట్టు దగ్గర తమరి దర్శనమైంది. కొట్టతను పొట్టేలు కార్జం తీసి మొద్దు మీద పెట్టాడు. ముదురు ఎరుపులో తెల్లగా నిమ్మకాయంత ఉబ్బు. కత్తి మొనతో అలా పొడిచాడో లేదో, నీళ్లు చిమ్మి చొక్కా తడిసింది. "ఇది బాగాలేదు సార్, ఇంకోటి ఇస్తా" అని ఆ ముక్కని అటు చూడకుండానే విసిరేశాడు. మొద్దు కింద కూర్చున్న కుక్క దాన్ని నేల తగలనివ్వలేదు. వరసలో ఉన్న మేమంతా అతని నిజాయతీకి ముచ్చటపడ్డాం. చెడ్డ సరుకు అంటగట్టలేదు మరి.

1850లలో సీబోల్డ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు చేసింది సరిగ్గా ఇదే. గొర్రెల్లోని తిత్తుల్ని కుక్కలకు తినిపించి, కొన్నాళ్లకి వాటి పేగులు కోసి చూశాడు. లోపల అర సెంటీమీటరు బద్దెపురుగులు! తమరు ఆ పురుగుల పిల్లదశేనని అప్పుడు తేలింది. ఆయన దాన్ని పరిశోధన అన్నాడు. మా కొట్టతను అదే ప్రయోగాన్ని వారం వారం ఉచితంగా చేస్తున్నాడు, పాపం, ఒక్క వ్యాసమూ రాసుకోకుండా.

ఆరేడు వారాల్లో ఆ కుక్క పేగుల్లో పురుగులు ముదిరి గుడ్లు వదులుతాయి. గుడ్లు మలంతో బయటపడి గడ్డి మీద, ఆకుకూర మడిలో, కుక్క బొచ్చు మీద చేరతాయి. గడ్డి గొర్రె మేస్తుంది. కుక్కని ముద్దు చేసిన చేత్తోనే పిల్లాడు జంతిక తింటాడు. అసలు తమాషా ఏమిటంటే, తమరున్న కార్జం వండుకు తిన్నవాడికి తమరు పట్టుకోరు, గుడ్డు మింగినవాడికే పట్టుకుంటారు. ఉల్లిపాయ కూడా ముట్టని నైష్ఠికుడైనా సరే, కడగని కొత్తిమీర పచ్చడిలో వేసుకున్నాడా, తమరికి అతనూ ఒకటే, మటన్ కొట్టు ముందు నిలబడ్డ నేనూ ఒకటే.

నాకు ఈర్ష్యగా ఉన్నది మాత్రం ఇంకో విషయంలో. మా దగ్గర గొర్రె పశుసంవర్ధక శాఖది. వీధికుక్క మున్సిపాలిటీది. మనిషి ఆరోగ్య శాఖది. కొట్టు వెనక పారేసిన పేగులు ఎవరివీ కావు. వీళ్లందరినీ కలుపుతూ ఒక్క ఫైలు, ఒక్క మీటింగు, ఒక్క ప్లేటు సమోసా లేకుండా పని నడిపిస్తున్నది తమరొక్కరే. మనిషి ఆరోగ్యం, పశువు ఆరోగ్యం ఒకటేనని ఈమధ్య 'వన్ హెల్త్' పేరుతో సదస్సులు పెడుతున్నారు. తమరు ఎప్పుడో అమలు చేసేశారు.

సరుకుకీ లోటు లేదు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది దేశంలో మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. రెండూ కలిపితే మూడున్నర కోట్లు దాటాయి. 2017లో మొదలైన తెలంగాణ గొర్రెల పంపిణీ పథకంలో ఒక లబ్ధిదారుడికిచ్చే యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు. మంద వెంట నడిచే కుక్క ఆ లెక్కలోకి రాదు. తమరి లెక్కలో మొదటి పేరు దానిదే.

పరిశోధన లేదని తమరు చిన్నబుచ్చుకోకండి. కర్నూలులో తమరి వ్యాప్తి మీద 1968లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. తర్వాత వచ్చినవాటిలో ఒక వరస మరీ పెద్దది: 'అరుదైన చోట హైడాటిడ్ తిత్తి, ఒక కేసు'. తొడ కండలో, థైరాయిడ్‌లో, వెన్నుపూసలో, గుండె గోడలో. ప్రతిచోటా తమరు అరుదే! ఎంతమంది పీజీ డాక్టర్లకు పబ్లికేషన్ పెట్టిన చెయ్యి తమరిది. అటు పశువైద్యులు కబేళాల్లో కార్జాలు పరీక్షించి తమరి జన్యురకాలు జి1, జి3 అని తేలుస్తుంటారు. ఇటు సర్జన్లు, తమరు ఆపరేషన్ బల్ల మీద పగిలితే రోగి ప్రాణం మీదికొస్తుందని, చుట్టూ ఉప్పునీటి గుడ్డలు పరిచి చెమటలు కక్కుతుంటారు. ఇద్దరిదీ కష్టమే. మధ్యలో కుక్కకి పురుగుల మాత్ర వేసే మనిషే కనబడడు.

ఐస్‌లాండ్ వాళ్లకి మాత్రం తమరంటే బొత్తిగా మర్యాద లేదండీ. 1863లో డెన్మార్క్ నుంచి క్రాబె అనే పరిశోధకుడు వచ్చి 100 కుక్కల్ని పరీక్షిస్తే 28 కుక్కల్లో ఆ పురుగులే. చిన్న పుస్తకం రాసి పంచారు. తిత్తులున్న అవయవాలు కుక్కలకు వేయకండి, కుక్కలకు మందు పట్టించండి, అంతే. జనం చదివారు. చదివి ఊరుకోకుండా చేశారు కూడా. చివరికి తమరిని దేశంలో లేకుండా చేశారు. అప్పటికి స్కానింగ్ లేదు, కుక్క పేగుల్లో పురుగుల్ని చంపే ప్రాజిక్వాంటెల్ మాత్ర లేదు, తమరు పట్టకుండా గొర్రెలకు వేసే ఈజీ95 టీకా లేదు.

ఇప్పుడు అవన్నీ ఉన్నాయని తమరు టెన్షన్ పడకండి. కుక్కకి ఏడాదికి కనీసం నాలుగుసార్లు మాత్ర వేస్తే చాలని మాకు తెలుసు. వేయాల్సింది ఎవరన్నది తేలాలి. అది తేలేలోగా తమరు కొబ్బరికాయంత అవుతారు.

ఇట్లు,
తమరి విధేయుడు

తా.క. ఈ ఉత్తరం ప్రతులు ఆరోగ్య, పశుసంవర్ధక, పురపాలక శాఖలకు పంపాలనుకున్నాను. ఒకరి దగ్గరికెళ్తే ఇంకొకరి దగ్గరికి పొమ్మన్నారు. ఆ మూడు ఆఫీసుల మధ్య దారి తెలిసింది తమరికే గనక, దయచేసి తమరే అందజేయగలరు.