స్పేస్‌బార్ వీరుడికి సన్మానం

కడపలో ఇంటి నుంచి పనిచేసుకునే నాబోటి ప్రోగ్రామర్లు మొన్నటి శుక్రవారాన్ని బంగారు అక్షరాలతో రాసుకోవాలి. మా టీములో ఓ తమ్ముడు ఒక్క సాయంత్రంలో 1,842 లైన్ల కోడు మార్చాడు. పాత ఫైలునూ కొత్త ఫైలునూ పోల్చి తేడాలు చూపించే డిఫ్ అనే ప్రోగ్రాము తెరిస్తే ఎడమ పక్కంతా ఎరుపు, అంటే పోయిన లైన్లు; కుడి పక్కంతా పచ్చ, అంటే కొత్తగా వచ్చినవి. "చూడండప్పా, పనంటే ఇదీ!" అని మేనేజరు మీటింగులో చప్పట్లు కొట్టించాడు. నేనూ కొట్టాను.

రాత్రి కూర్చుని రెండు పక్కలా కళ్లు కాయలు కాసేలా చూశాను. ఎరుపులో ఉన్నదే పచ్చలోనూ ఉంది! తీరా తేలిందేమంటే, తమ్ముడు కోడు రాసుకునే ఎడిటరు ప్రోగ్రాము లైన్ల ముందున్న ట్యాబు ఖాళీలన్నీ పీకేసి నాలుగేసి స్పేసులు నాటింది. తమ్ముడి వంతు కష్టమల్లా ఫైలు తెరవడం, సేవ్ కొట్టడం, కారం దోశకు పోవడం.

ఇందులో డిఫ్ తప్పేం లేదు. 1974లో యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఐదో ఎడిషన్‌తో బయటికొచ్చినప్పటి నుంచీ దానిది ఒకటే వృత్తి. రెండు ఫైళ్లకూ ఉమ్మడిగా ఉన్న లైన్లను వరస చెడకుండా వీలైనన్ని ఏరి పక్కన పెడుతుంది, మిగిలినవి తేడాలంటుంది. లైనులో ఒక్క ఖాళీ పెరిగినా అది దాని లెక్కలో వేరే లైనే. విండోస్‌లో తెరిచినప్పుడు లైను చివరి గుర్తులు మారాయా, ఫైలుకు ఫైలే కొత్తది. అలాంటివాడికి డబుల్ ప్రమోషన్ ఇవ్వాలని నా మనవి.

ప్రతుల్ని పోల్చే ఈ విద్య మా ఊరికి కొత్తా ఏమన్నానా! బ్రౌన్ దొర ఇక్కడి తన బంగళాలో సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పోల్చి చూపించి పాఠాలు తేల్పించాడు. ఆ చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. లేఖకుడి చెయ్యి జారిందో, మాటే మారిందో ఆ పండితులు ఇట్టే పట్టేవాళ్లు. పాపం, వాళ్లకు మేనేజరు లేడు.

ఖాళీలను లెక్కలోకి తీసుకోవద్దని డాష్ డబ్ల్యూ తగిలించి డిఫ్ మళ్లీ నడిపాను. ఎరుపూ పచ్చా రాలిపోయి ఒకే ఒక్క లైను మిగిలింది. రోజుకోసారి తిరిగి వడ్డీ లెక్కగట్టే లూపులో 'కంటే తక్కువ' గుర్తు పక్కన కొత్తగా ఒక ఈక్వల్ గుర్తు. అంటే ముప్పై రోజుల వడ్డీ కాస్తా ముప్పై ఒక్క రోజులకు పడుతుంది.

తమ్ముడికి ఫోన్ చేశాను.

"అదా అన్నా? చెయ్యి తగిలినట్టుంది."

మేనేజరుకూ చెప్పాను. ఆయన నా మీద జాలిపడ్డాడు.

"పోనీలే సామీ, అన్ని లైన్లు మార్చినోనికి ఒక గుర్తు అటూ ఇటూ కాదా ఏంది?"