సవరణ: వెనక క్యాలిపర్ పిస్టన్‌ను సీ-క్లాంప్‌తో నొక్కకండి

వెనక బ్రేకు డిస్కులు, ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకోవడం గురించి మొన్న రాస్తూ, "ముందు చక్రాలకు చేసినట్టే సీ-క్లాంప్ (మర తిప్పి బిగించే C ఆకారపు పట్టు) పెట్టి పిస్టన్‌ను లోపలికి నొక్కేయండి" అన్నాను. పిస్టన్ అంటే క్యాలిపర్‌లో, అంటే ప్యాడ్లను డిస్కుకు అదిమిపట్టే భాగంలో, ప్యాడ్‌ను నెట్టే ముక్క. అది తప్పు. ఈ వారం ఆ పని పెట్టుకున్నవాళ్లుంటే దయచేసి ముందు ఇది చదవండి.

హ్యాండ్‌బ్రేక్ కేబుల్ నేరుగా వెనక క్యాలిపర్‌కే వచ్చే కార్లలో పిస్టన్ లోపల మరలాంటి ఏర్పాటు ఉంటుంది. ప్యాడ్ అరిగేకొద్దీ ఆ ఏర్పాటే పిస్టన్‌ను ముందుకు జరుపుతుంది. బలవంతంగా నొక్కితే అది దెబ్బతిని క్యాలిపరే మార్చాల్సి రావచ్చు. పిస్టన్ ముఖం మీద ప్లస్ గుర్తులా గాడులో, ఎదురెదురుగా రెండు గుంటలో కనిపిస్తే అది సాధారణంగా తిప్పి దించే రకమే. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా వదిలి, చక్రాలకు అడ్డు పెట్టి, విండ్‌బ్యాక్ టూల్‌తో (పిస్టన్‌ను నొక్కుతూనే తిప్పే పనిముట్టు) మెల్లగా నొక్కుతూ తిప్పాలి. చాలావాటికి సవ్యదిశే. కొన్ని కార్లకు ఒక పక్క అపసవ్యం, అందుకని మాన్యువల్ చూసుకోండి. ప్యాడ్ వీపున బొడిపె ఉంటే చివరికి ఆ గాడి దానికి సరిగ్గా ఎదురు రావాలి, లేకపోతే ప్యాడ్ ఏటవాలుగా కూర్చుని ఒకవైపే అరుగుతుంది.

ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కారైతే ముందు సర్వీస్ మోడ్‌లో (బ్రేకు పనికోసం పార్కింగ్ బ్రేక్ మోటారును వెనక్కి తీసుకునే ఏర్పాటు) పెట్టాకే పిస్టన్ జోలికి వెళ్లండి.

ఇంకోటి రాయడం మరిచాను: కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటే బ్రేక్ క్లీనర్‌తో తుడిచాకే బిగించండి. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి.